సోమమ్మ డ్యూటీలో చేరింది

పోచంపల్లి, 3 జూన్ 2019

చి. నిహారికను మేనమామ పరశురాం దీవించి రాసేది.

ఇక్కడ మనుషులం క్షేమం, మగ్గాలే క్షేమంగా లేవు. ఫోన్లో చెబితే గాలికి పోతుంది, కాగితం మీద పెడితే ఫైలుకు ఎక్కుతుందని రాస్తున్నాను.

బస్టాండు ఎదురుగా కమలాకర్ అనే ఆయన దుకాణం తెరిచాడు. బోర్డు మీద ‘అసలైన పోచంపల్లి చీరలు’. లోపలున్నవన్నీ ఓడ దిగిన మిషను చీరలు. మన డిజైన్లే, బట్ట మీద అచ్చు గుద్దారు. మేం వారం రోజులు కూర్చుని ఒక్కటి నేస్తే, ఆ మిషను మేం చాయ్ తాగేలోపు ఇరవై గుద్దుతుంది. మన కోసం బస్సు దిగినవాళ్ళు అక్కడే కొని, అదే బస్సెక్కి పోతున్నారు. మన వీధిలో ఎనిమిది మగ్గాలు ఆగాయి. ఎల్లస్వామి మగ్గం విప్పి అటక మీద పెట్టేశాడు, పట్నంలో వాచ్‌మన్ పనికి పోతాడట. దిగుమతుల మీద ఫిర్యాదులు తీసుకునే ఆఫీసులో నువ్వున్నావు. ఏదైనా దారి చూపు.

ఇట్లు, 
నీ మామ పరశురాం

తా.క.: మీ సోమమ్మత్త నాతో రెండు రోజుల నుంచి మాట్లాడటం లేదు. ఆ దుకాణంలో ఒక చీర చూసి బాగుందని నోరు జారాను.

*

హైదరాబాద్, 8 జూన్

మామకు నిహారిక నమస్కరించి రాస్తున్నది.

తన పరిశ్రమ నిలదొక్కుకునేదాకా బయటి సరుకు మీద సుంకం వేయడం ఏ దేశమైనా చేసేదే. పోయిన బేరం మళ్ళీ రావచ్చు గానీ, చేతిలోని విద్య ఒక తరం ఆగితే మళ్ళీ రాదు. మా ఆఫీసుకు ఒక అర్జీ పెట్టండి, అందులో ఈ మాట గట్టిగా రాయండి. ఆ మిషను చీరలు పంపేవాళ్ళు తమ దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు ఇక్కడ కుమ్మరిస్తుంటే దానికి వేరే మందుంది: యాంటీ డంపింగ్ డ్యూటీ. అది పడిందంటే కమలాకర్ పని అయిపోయినట్టే.

ఒక్క అనుమానం. మీ చేనేత సొసైటీకి వచ్చే పట్టుదారం కూడా ఓడ దిగిందే కదా. దాని మీదా సుంకం వేయమంటారా?

ఇట్లు, 
నిహారిక

తా.క.: అర్జీకి పదకొండు నకళ్ళు కావాలి. ఒక్కటీ ఎవరూ చదవరు, కానీ పది తెస్తే మాత్రం పట్టేస్తారు.

*

పోచంపల్లి, 14 జూన్

చి. నిహారికకు మామ వెయ్యి దీవెనలు.

దారం సంగతి ముందు. దారం దారంగా వస్తే మా చేతులకు పని. చీర చీరగా వస్తే మా చేతులకు సెలవు. ఇంతకన్నా నాకు తెలియదు, మీ పెద్దసార్లకు ఇదే చెప్పు.

ఇక నువ్వు రాసిన ఉద్యోగం! ‘యాంటీ’ అని రాశావు, తొందరలో అక్షరం జారినట్టుంది, మేము ‘ఆంటీ’ అని దిద్దుకుని సొసైటీ మీటింగులో చదివాం. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. “ఇన్నేండ్లకు గవర్నమెంటు ఆంటీల మొఖం జూసింది,” అన్నది మీ అత్త. పదకొండు మంది ముందుకొచ్చారు. అందరికన్నా గొంతు పెద్దదని మీ అత్తను ఎన్నుకున్నాం. బుధవారం నుంచి కమలాకర్ దుకాణం ముందు స్టూలు వేసుకుని డ్యూటీ చేస్తున్నది. ఎవరు చీర కొని బయటకొచ్చినా ఆపి, తిప్పి చూపిస్తుంది.

ఇట్లు, 
మీ మామ

తా.క.: పక్కింటి హసీనా కూడా డ్యూటీలో చేరింది. ఆమెకు శుక్రవారం సెలవు, మీ అత్తకు ఆదివారం. యూనిఫాం ఏ రంగో త్వరగా రాయి.

*

హైదరాబాద్, 18 జూన్

మామా, నమస్కారం.

ఆంటీ కాదు, యాంటీనే! అది ఉద్యోగం కాదు, సుంకం! ఓడరేవులో సరుకు మీద వేసేది! కమలాకర్ పోలీసుల దగ్గరికి పోకముందే అత్తమ్మను స్టూలు మీద నుంచి లేపండి.

కంగారుగా, 
నిహారిక

తా.క.: ఇంతకీ చీర తిప్పితే ఏం కనిపిస్తుంది?

*

పోచంపల్లి, 24 జూన్

చి. నిహారికకు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరేసరికే కమలాకర్ పోలీసుల దగ్గరికి పోయి వచ్చాడు. ఎస్సై జీపు దిగి, “ఎవరు కూసోమన్నరమ్మా నిన్నీడ?” అని గద్దించాడు.

“ఆంటీ డంపింగ్ డ్యూటీ సారూ,” అన్నది మీ అత్త, లేవకుండానే. “గీ చీర జర తిప్పుండ్రి. మేం పోగుకే రంగద్ది నేస్తం. మాది లోపల, బయట ఒక్కతీరు. గిది సూడుండ్రి, ఎనకకు ఎట్ల తెల్లబోయిందో!”

ఎస్సై తిప్పి చూశాడు. పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేశాడు. “పోయిన నెల ఈ దుకాణంల తెచ్చిన చీర ఓసారి తిప్పి సూడు,” అన్నాడు. అటునుంచి ఏం జవాబొచ్చిందో గానీ, ఆయన మొఖం కూడా ఆ చీర వెనక వైపులాగే అయింది.

గంటలో బోర్డు మీద పోచంపల్లి పేరు చెరిపించాడు. చూస్తున్న బస్సు జనమంతా మీ అత్త, హసీనాల వెంట మన వీధికి వచ్చారు. ఎనిమిది మగ్గాలూ మళ్ళీ ఆడుతున్నాయి. ఎల్లస్వామి మగ్గాన్ని అటక మీద నుంచి దించుతుంటే వీధంతా వచ్చి చెయ్యేసింది. దసరాదాకా తీరిక లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి బిడ్డా.

ఇట్లు, 
మగ్గం మీది నుంచి లేచి రాస్తున్న మామ

తా.క.: అది ఉద్యోగం కాదని మీ అత్తకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ డ్యూటీ నీది.

*

హైదరాబాద్, 9 జూలై

మామకు, డ్యూటీలో ఉన్న అత్తమ్మకు నిహారిక నమస్కారాలు.

ఈరోజు మా ఆఫీసుకు పోచంపల్లి నుంచి ఒక అర్జీ వచ్చింది. మీదే అనుకుని ఎగిరి గంతేశాను. కాదు, కమలాకర్‌ది! స్థానిక సరుకు పోటీకి తన దుకాణం తట్టుకోలేకపోతున్నదట, నిలదొక్కుకునేదాకా ప్రభుత్వం తనను కాపాడాలట, సోమమ్మ అనే ఆమె మీద వెంటనే డ్యూటీ వేయాలట. పదకొండు నకళ్ళూ సరిగ్గా ఉన్నాయి. జవాబు రాయమని మా సారు నాకే ఇచ్చారు. ఇలా రాశాను:

“అయ్యా, మా కార్యాలయం విదేశాల నుంచి దిగిన వాటి మీదనే చర్య తీసుకోగలదు. విచారించగా, శ్రీమతి సోమమ్మ గారు పోచంపల్లిలోనే తయారైనట్టు తేలింది.”

సారు ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం పెట్టారు.

ఇట్లు, 
మీ నిహారిక

తా.క.: సంతకం పెట్టి, తలుపు వేసి, వాళ్ళావిడకు ఒక చీర కావాలన్నారు. రెండు వైపులా ఒక్కతీరుగా ఉండాలట.