నాన్న తాగలేదట

అక్కా,

పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ రమ్మంటే నిన్న ఆసుపత్రికి వెళ్లాను. నాన్న తూలుతూ నడిచింది జబ్బు వల్లేనట. పోయేముందు ఆయన దగ్గర తీసి దాచిన రక్తంలో అది బయటపడింది. తరతరాలుగా వచ్చే నరాల జబ్బు.

తాగుబోతని ప్రెస్సులో పనిలోంచి తీసేసినప్పుడు, "కావాలంటే ఆయన నోరు వాసన చూడండయ్యా" అని అమ్మ యజమానిని బతిమాలింది, గుర్తుందా?

పోయిన నెల నేనిచ్చిన రక్తంలోనూ ఉంది. ఏడుపేమీ రాలేదు. అక్కణ్ణుంచి షాపుకెళ్లి సాయంత్రం దాకా కళ్లజోళ్లకు అద్దాలు బిగించాను. చేతులు ఇంకా మాట వింటున్నాయి.

నీకూ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. "తెలుసుకోవాలని ఉందో లేదో మీ అక్కనే అడగండి, బలవంతపెట్టకండి" అంది డాక్టరమ్మ. అందుకే అడుగుతున్నాను. వద్దంటే మళ్లీ ఆ ఊసెత్తను.

అమ్మకు నాన్న సంగతి చెప్పాను. "నేను మొత్తుకుంటే ఒక్కరైనా విన్నారా?" అంది. కాసేపటికి గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ అంత ఆదమరిచి నిద్రపోవడం నేను చూడలేదు.

నా సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. కొన్నాళ్లు అలా నిద్రపోనీ.

నీ తమ్ముడు