దింపాల్సిన చోటు

ఏమండీ,

ఎలా ఉన్నారని అడగను. అడిగితే మాత్రం ఏం చెబుతారు... మీరు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. నేనూ మన మాధవీ ఇంకా ఢిల్లీలో అదే క్వార్టర్లో ఉన్నాం. వంటింటి కుళాయి అలాగే కారుతోంది.

క్వార్టరు మనకెలా ఉంచారని అనుమానం వస్తుంది మీకు. కారుణ్య నియామకం కింద నాకు మీ మునిసిపల్ ఆఫీసులోనే గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. మొగుడు పోయినందుకు ఇచ్చే ఉద్యోగానికి అంత చల్లని పేరు ఎవరు పెట్టారో! అదీ ఎక్కడనుకున్నారు? మీ పశువైద్య విభాగంలోనే, కుక్కల ఫిర్యాదుల ఫోను దగ్గర. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఉద్యోగం గురించి ఇంట్లో ఒక్క మాట ఎత్తకుండా కాపురం చేశాను. ఇప్పుడు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా అదే మాట. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. ఫోను మోగుతుంది, ఎత్తుతాను.

అసలు సంగతి చెప్పలేదు కదూ... వెనకవైపు షెడ్డు మూసేశారు. వీధికుక్కల్ని పట్టుకొచ్చి కరెంటు పెట్టి చంపే ఆ షెడ్డే. ఇప్పుడు చంపకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చి రాకుండా సూది వేసి, గుర్తుకి చెవి కొస కొంచెం కత్తిరించి, పట్టుకున్న చోటే తిరిగి దింపాలి. కోర్టులన్నారు, పైవాళ్ళ ఉత్తర్వులన్నారు, నాకు అర్థమైంది అంతవరకే. "రూలు మారనీ సావిత్రీ, ఇదే చేత్తో కుట్లు వేస్తాను" అనేవారు మీరు. మారింది. మీ టేబుల్ దగ్గర హర్యానా కుర్ర డాక్టరు ఒకాయన కూర్చుంటున్నాడు. మంచివాడే.

ఫోను చేసేవాళ్ళకు మాత్రం ఈ రూలు గొంతు దిగడం లేదు. మళ్ళీ మా గల్లీలోకే తెచ్చి వదులుతారా, ఇదేం కానూన్ బెహన్‌జీ అని అరుస్తారు. రూల్ హై భాయ్‌సాబ్ అంటాను. నా హిందీ ఇప్పుడు బాగానే ఉంది, మీరు వెక్కిరించడానికి ఏమీ మిగల్లేదు. కొందరు మిమ్మల్ని తలుచుకుంటారు. డాక్టర్ సాబ్ ఉన్నప్పుడు ఒక్క ఫోను చేస్తే సాయంత్రానికి గల్లీ సాఫ్ అంటారు. ఆ డాక్టర్ సాబ్ భార్యను నేనేనని చెప్పను. ఏమని చెప్పను?

మాధవి బియస్సీలో చేరింది. కాలేజీ సెలవు రోజుల్లో జంతువుల సంఘం వాళ్ళతో కలిసి మన ఆఫీసుకే వస్తుంది. ఆపరేషన్ అయిన కుక్కలకు నీళ్ళు పడుతుంది, కట్లు చూస్తుంది. పదో తరగతిలో, మీ పాపా చేసే పని కుక్కల్ని చంపడమటగా అని క్లాసులో ఎవరో అన్న దగ్గర్నుంచి అది మీతో మాట మానేసింది కదా... మీ ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో కూడా వరండాలోనే నిలబడిపోయింది. ఇప్పుడిద్దరం ఒకే బస్సెక్కి ఒకే గేటులోంచి లోపలికి వెళతాం. అది మీ పేరెత్తదు. నేనూ ఎత్తను. మిమ్మల్ని తలుచుకుంటే దానికి ఆ షెడ్డు కాకుండా వాళ్ళ నాన్న కనిపించే రోజు వస్తుందా? నాకు కావలసింది అదొక్కటే. మిగతావన్నీ ఎలాగో జరిగిపోతున్నాయి.

పోయిన నెల నా వల్ల ఒక పొరపాటు జరిగింది.

మునిర్కాలో అద్దెకుంటున్న అప్పారావు గారని, శ్రీకాకుళం ఆయన. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. గల్లీలో రెండు కుక్కలకు తిండి పెడతారు. గోధుమరంగు దాని పేరు బూరె, దాని చెల్లెలు గారె. పేర్లు విని మీరైతే పడీ పడీ నవ్వేవారు. బూరెను పట్టుకెళ్ళమని ఆయనే ఫోను చేశారు. నేను తెలుగుదాన్నని తెలిసి, ఆపరేసను సేసి మళ్ళీ మా గుమ్మంలోనే దింపుతారు కదమ్మా అని అడిగిందే అడిగారు. దింపుతామండీ అన్నాను.

మన ఫిర్యాదు కాగితం మీకు తెలుసుగా. ఎక్కడ పట్టుకోవాలో రాయడానికి గడి ఉంది. ఎక్కడ దింపాలో రాయడానికి లేదు. మీ రోజుల్లో దాని అవసరం ఏముంది? నేను పాతవాళ్ళు నేర్పినట్టే 'మునిర్కా, పాల బూత్ పక్క గల్లీ' అని రాసి ఊరుకున్నాను. అక్కడ పాల బూత్ ఒక్కటేనా! పట్టుకొచ్చిన మనుషులు వేరు, దింపిన మనుషులు వేరు. పెద్ద రోడ్డుకు అవతల ఇంకో బూత్ దగ్గర వదిలేసి వచ్చారు. ఆయన అన్నం కలుపుకొని గుమ్మంలో కూర్చున్నారట. బూరె రాలేదు.

మాధవికి తెలిసింది. పట్టుకుపోవడం తప్ప మీ ఆఫీసుకు ఇంకేమీ చేతకాదు అంది. అంతా హిందీలోనే... కోపం వస్తే దానికి తెలుగు రాదు. ఆదివారం ఇద్దరం వెతకడానికి వెళ్ళాం. బూత్ వెనకాల, ఛోలే బండ్ల కింద, కడుతున్న ఇళ్ళ ఇసక గుట్టల మీద... చీరంతా దుమ్ము. గోధుమరంగు కుక్క కనిపిస్తే చాలు, బూరె బూరె అని పిలవడం. ఢిల్లీ నడివీధిలో బూరె అని అరుస్తుంటే మనుషులు ఆగి చూశారు.

ఒక సందులో అలాంటిదే కనిపించింది. మాధవి దాని దగ్గరికి వెళ్ళలేదు. కొంచెం దూరంలో పక్కకు తిరిగి కూర్చుంది. దానివైపు చూడకుండా, చెయ్యి నేల మీద పెట్టి, అరచెయ్యి పైకి ఉంచి అలా ఉండిపోయింది. అచ్చం మీరే. ఎవరు నేర్పారే అన్నాను. పాపా అంది, ఇక్కడి పిల్లల్లా మిమ్మల్ని అది పిలిచే పిలుపే. చిన్నప్పుడు పార్కులో నేర్పారట. "నువ్వు వెళ్ళకు, అది వచ్చేదాకా ఆగు" అనేవారట. ఆ కుక్క వచ్చి చెయ్యి వాసన చూసింది. చెవి నిండుగా ఉంది, కొస కత్తిరించి లేదు. బూరె కాదు.

బూరె దొరకలేదండీ. తర్వాత కూడా దొరకలేదు.

అప్పారావు గారికి చెప్పడానికి వెళితే ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. లోపలికి వెళ్ళి టీ తెచ్చిచ్చారు. కాసేపటికి, గారె పరిస్థితి ఏటమ్మా, దానికీ సేయించాలి కదా అన్నారు. రూలు మంచిదేనమ్మా, మనుషులు సరిగ్గా సెయ్యాలి గానీ అన్నారు. ఒకదాన్ని పోగొట్టిన వాళ్ళ చేతికి రెండోదాన్ని ఎలా ఇవ్వబుద్ధయిందో! నేను దగ్గరుండి తెస్తాను అంకుల్ అంది మాధవి, తెలుగులో.

అన్నట్టే తెచ్చింది. ఆపరేషన్ అయ్యాక నిన్న వ్యానులో ముందు సీట్లో, మీరు కూర్చునే చోటే కూర్చుని గారెను తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో దింపింది. అక్కడ గల్లీ పెద్ద ఒకాయన అడ్డం పడ్డాడట. మాధవి ఇంటిపేరు విని, అచ్ఛా, డాక్టర్ సాబ్ బేటీవా, మీ నాన్న ఎంత మంచివాడు, ఒక్కదాన్నైనా వెనక్కి తెచ్చాడా అని మెచ్చుకున్నాడట. మిమ్మల్ని మెచ్చుకున్నాడు చూశారా! ఈ మాట వినడానికేనా అది అంత దూరం వెళ్ళింది...

సాయంత్రం అన్నానికి కూర్చున్నాక ఇదంతా చెప్పింది. మరి నువ్వేమన్నావే అని అడిగాను. గారె తోక ఊపుకుంటూ వెళ్ళి గుమ్మంలో పడుకునేదాకా చూసి వచ్చిందట. కంచంలో అన్నం కెలుకుతూ, కుక్కల్ని పట్టే వ్యాను వెళ్ళిన రోజు పాపా రాత్రి తినేవారు కాదు, నాకు తెలియదనుకున్నారా మీరిద్దరూ అంది.

తెలుసట. మొదట్నుంచీ తెలుసట. "దానికి చెప్పకు. నా మీద కోపం ఉంటే దాని మనసు మంచిదని లెక్క" అని మీరు నా నోరు కట్టేశారు. మీరు పోయాక కూడా కట్టుకునే ఉన్నాను. చెబితే దాని కోపం కరిగిపోతుందని, ఎప్పుడు చెప్పాలా అని రోజూ అనుకునేదాన్ని. తెలిసి కూడా మాట్లాడలేదు అది. ఇక నా దగ్గర చెప్పడానికి ఏముంది?

తర్వాత ఒకటి అడిగింది. అంత బాధగా ఉంటే ఉద్యోగం మానేయొచ్చు కదా, ఎందుకు మానలేదు అంది.

నోరు తెరిచాను. నీ చదువు, ఈ క్వార్టరు, ఊరు కాని ఊరు అని నాలుగు ముక్కలు తయారుగానే ఉన్నాయి. కానీ అవన్నీ నావి. మీరెప్పుడూ అలా అనలేదు. అసలు ఏమీ అనలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. నాకు తెలియదమ్మా అన్నాను.

అది నాకు చారు వడ్డించి, నాన్నని అడుగు అంది.

పాపా అనలేదు. నాన్న అంది. నేను సరిగ్గానే విన్నాను.

అది మాట మానేసిన దగ్గర్నుంచీ మీ ఇద్దరి మాటలూ నేనే మోశాను. ఫీజు కట్టమని అది చెప్పమంటే మీకు చెప్పేదాన్ని, గొడుగు తీసుకెళ్ళమని మీరు చెప్పమంటే దానికి చెప్పేదాన్ని. రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఒకటి చెప్పి పంపింది. అందుకే రాస్తున్నాను. మీ అమ్మాయి అడుగుతోంది, ఎందుకు మానలేదండీ?

జవాబు రాదని తెలుసు. మీ తరఫున నేను కల్పించి మాత్రం చెప్పను. అది మళ్ళీ అడిగితే, అడిగానే, నాన్న ఇంకా ఏమీ అనలేదు అంటాను.

ఉంటానండీ.

మీ
సావిత్రి