కొలతలో తగ్గింది

శకుంతలా, ప్రొద్దుటూరు నుంచి అన్న రాస్తున్నాడు. లేచి కూర్చుంటున్నాను, బెంగపడొద్దు.

పక్షవాతం వచ్చిన కుడిచేత్తో రబ్బరు బంతి నొక్కమన్నాడు డాక్టరు. చిన్నపిల్లల ఆటలా ఉందని పక్కన పడేశాను. నన్ను చూసుకోవడానికి రాజుపాలెం నుంచి వచ్చే ఓబులమ్మ మన అంగడి నుంచి గుడ్డ తాను తెప్పించి మంచం మీద పరిచింది. "ఏమప్పా, రవికముక్క కొలిచి చించియ్యి. కొసరెయ్యకపోతే ఒప్పుకోను" అంది. బేరం అనేసరికి ఆ చెయ్యి కదిలింది! ఇప్పుడు రోజూ మా ఇంట్లో బేరమే. ఎంత తెలివి చూడు!

ఇంత చేసినా ఆమెను పంపే ఏజెన్సీ ఆమెకిచ్చేది మన అంగట్లో చీరలు మడిచే పిల్ల జీతమంత కూడా లేదు. ఇంక ఈ పనికి మనుషులెలా దొరుకుతారు? ఆమెను మన అంగట్లో పనికి రమ్మన్నాను.

"చీరలు మడిచేకి ఎవురైనా వస్తారు. నిన్ను లేపేకి ఎవురొస్తారప్పా?" అంది.

"అయితే జీతం మీద నేను కొసరేస్తా" అన్నాను.

"కొసరు గాదప్పా, కొలతలో తగ్గిందే ఇస్తాండావు" అంది. నాకు నవ్వొచ్చింది, ఒప్పుకున్నాను.

పులివెందులలో మీ అత్తగారిని చూసుకునే ఆమెకు చేతికెంత అందుతోందో ఇవాళే అడుగు. తగ్గితే ఆ తగ్గింది నువ్వు కలిపియ్యి. నా మేనకోడలు మేఘన చల్లగా ఉండాలి.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. కుడిచేత్తోనే రాశాను.

అన్న నాగభూషణం