మైమూన్ గుండెకు ప్రభుత్వ వాటా

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, జమ్మలమడుగులో కుట్టుమిషన్లు బాగుచేసి బ్రతుకు జమాల్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆరోగ్య బీమా పెద్ద బిల్లులలో ప్రభుత్వం వాటా భరించి, సొంతంగా పాలసీ కట్టుకొనువారి ప్రీమియం తగ్గించుట గురించి.

1. నేను ఆదాయపు పన్ను కట్టిన కారణమున మా ఉచిత వైద్యం కార్డు రద్దు చేయబడినది. అందుచేత నాకు, నా భార్య మైమూన్‌కు చెరొక పాలసీ కట్టుకొనుచున్నాము. పోయిన ఏడు ఆమె గుండె ఆపరేషన్ బిల్లు కంపెనీయే చెల్లించినది. అందుకు కృతజ్ఞుడను.

2. ఈ ఏడు మా వీధిలో అందరి ప్రీమియం పెరిగినది. ఏజెంటు ఆదినారాయణను అడుగగా, "పెద్ద బిల్లులు ఎక్కువైతే కంపెనీ అందరి మీదా ఏస్తాది మామా. మైమూనక్క ఒక్క బిల్లుతో ఏం పెరగదు" అన్నాడు. మొదటి మాట వీధంతా విన్నది. రెండవ మాట ఎవరికీ పట్టలేదు. ఎదురింటి అలివేలమ్మ నా భార్య మొహం మీదనే, "నీ గుండెకు మేమంతా కడ్తాండాం" అన్నది.

3. బీమా కంపెనీకి నష్టం వస్తే ఆదుకోవడానికి మరొక కంపెనీ ఉండునట. దానిని రీఇన్సూరెన్స్ అందురట. కొన్ని దేశములలో రాష్ట్ర ప్రభుత్వములే మరీ పెద్ద బిల్లులలో వాటా భరించుటచే జనం కట్టే ప్రీమియం తగ్గుచున్నదని ఆదినారాయణ తెలిపెను. మన రాష్ట్రమునందు కూడా అటుల చేయ ప్రార్థన. ఆ సాయం కంపెనీలకు మాత్రమే వర్తించు పక్షమున, నన్నూ నా భార్యనూ కలిపి ఒక కంపెనీగా గుర్తించవలెను. మాకూ నష్టములు కలవు.

4. అత్యవసరం. ఈ శుక్రవారంతో ఆమె పాలసీ గడువు ముగియును. నాకు చెప్పకనే ఆమె ఏజెంటుకు ఫోన్ చేసి, "నాది కట్టించుకోవద్దు. ఆయనది ఒక్కటి చాలు. నేను బాగానే ఉండా" అని చెప్పినది. గడువు దాటినచో ఆ గుండెకు మళ్ళీ పాలసీ ఎవరిస్తారు సార్? నాకు భయంగా ఉంది.

కావున శుక్రవారం లోపల ఏదో ఒక దారి చూపుదురని వేడుకొనుచు, కంపెనీల మనవులతో పాటు మా మనవిని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జమాల్

తా.క. బాగానే ఉన్నానని ఆమె చెప్పింది అబద్ధం సార్. నిన్న నీళ్ల బిందెతో మెట్లెక్కుతూ ఆయాసంతో కూలబడింది. నేను పరుగెత్తి పట్టుకుంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "ముందు తలుపెయ్యి. అలివేలమ్మ వింటాది. మళ్ళా రేటు పెరుగుతాదంటారు" అంది.

తలుపేసినాను సార్.