ఊదా ఆకుల వరి

అత్తా, నువ్వు పోయి నేటికి ఏడాది. కలుపు మందుకు చావని కొత్త వరిని మూడేళ్లు వరసగా వేశాం కదా, నిరుడు మందు కొడితే మడిలో కలుపుగా మొలిచే అడవి వరి కూడా చావలేదు. కోంటా బ్లాకు వ్యవసాయం సారును అడిగి వచ్చాడు నీ కొడుకు. "పుప్పొడి కలిసి మన వరి గుణం దానికి పోయిందంట. ఇప్పుడేంది చేసేది?" అన్నాడు.

నువ్వు పెరటి మూలలో ఏటేటా నిలుపుకున్న ఊదా ఆకుల వరిని నిరుడు నేనే కోశాను. ఈసారి పెద్ద మడికి ఆ విత్తనమే చల్లాను. పది రోజులు వాన లేకపోయినా అది వాడలేదు. మడిలో పచ్చగా కనబడేదంతా అడవి వరే కాబట్టి, ఉదయం నుంచీ పీకుతున్నాను. నీ వరిని చూసి నవ్విన నీ కొడుకూ నా పక్కన వంగాడు.

నాలుగేళ్లకు ఈ ఊదా రంగూ అడవి వరికి అంటుతుందని నువ్వే చెప్పావు. అంటనీ. ఆ ఏడు పచ్చ ఆకుల వరి చల్లి, ఊదాగా మొలిచిందల్లా పీకేస్తాను.