మైనపు గొట్టానికి బొట్టు

ఆయుధ పూజ రాత్రి, రాయచూరు

ఇప్పుడు కాస్త గుండె కుదుటపడింది. సాయంత్రం దుకాణంలో పూజయ్యాక చూస్తే తక్కెడకూ, గల్లాకూ, స్కూటరుకూ పెట్టినట్టే మా అవ్వ మైనపు గొట్టానికి కూడా తడి కుంకుమ బొట్టు పెట్టేసింది. గ్రామఫోను ప్లేట్లు రాకముందు పాటలను ఇలాంటి గొట్టాల మీదే నింపేవారు. ఇందులో ఉన్నది మా తాతకు మేనత్త అయిన ఆమె గొంతట, ఇంట్లో పాడిన పాట. రేపు, నాకు పాత పాటలు భద్రపరిచే పని నేర్పే మా సారు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. మైనం అరిగిపోతుంది కాబట్టి సూది ఒక్కసారే పెడతామన్నారు.

"ఏందవ్వా, గిట్ల చేసినవ్?"

"పాడుతదంటివి గదనే. పాడేదానికి బొట్టు లేకుంటె ఎట్ల?"

వేళ్లు లోపలికి దూర్చి, గొట్టాన్ని ట్యూబ్‌లైటు కింద మెల్లగా తిప్పి చూశాను. బొట్టు అంచు మీదే ఉంది. పాట గాడి అక్కడిదాకా రాలేదు. గాడి. ఎంత మంచి మాట. బండి చక్రం పోయే దారికీ, పాట నిలిచిన గీతకూ అదే.

"కడగాల్నా మరి?" అంటూ అవ్వ చెంబు అందుకుంది. నీళ్లు పోసి రుద్దితే గాడి పాడవుతుందని చేయి పట్టుకుని ఆపాను.

రేపు ఆ మేనత్త గొంతు వస్తుందో, ఉత్త గరగరే వస్తుందో... గరగరే వచ్చినా అది కాలం చేసిన పని. మా అవ్వ చేసింది కాదు. ఆ మాట తలుచుకుంటేనే నిద్ర వస్తోంది.