జిప్సీలో ఎడమ సీటు

రాజాం,
ఆదివారం.

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు సగంలో "సర్లే" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ భయం లేదు. ఇవాళ కోపంగా పక్కన పడేసినా రేపు తీసి చదువుతావని తెలుసు. అందుకే రాస్తున్నాను.

నిన్న నువ్వు పాత కార్లు సేకరించే బెంగుళూరు ఆయన్ని వెంటబెట్టుకుని మా డ్రైవింగ్ స్కూలుకి వచ్చావు. వెనక షెడ్డులో మన జిప్సీని చూసి ఆయన మొహం వెలిగిపోయింది. బానెట్ ఎత్తాడు, కింద దూరి వెల్లకిలా పడుకుని చూశాడు, ఎక్కడా తుప్పు లేదని నాలుగుసార్లు అన్నాడు. "మామూలు కారు షోరూం గేటు దాటగానే ధర పడిపోతుంది. జిప్సీ అలా కాదు. తయారీ ఆపేశాక అడిగేవాళ్ళు మరీ ఎక్కువయ్యారు. అందులో ర్యాలీ గెలిచిన బండికి ఏటేటా పెరగడమే కానీ తగ్గడం ఉండదు" అన్నాడు. నాకు లోపల గర్వంగానే అనిపించింది. వానలు పడే ముందు దాని అడుగంతా ఆయిలు పూయించేది నేనే. వారానికోసారి చీపురుపల్లి రోడ్డు మీద తిప్పుకొచ్చేదీ నేనే.

అప్పుడు ఆయన అడిగాడు, గెలిచినప్పుడు నేవిగేటర్ ఎవరని. నువ్వు తడుముకోలేదు. "మా బావ గిరిబాబు. పొగమంచులో దారంతా ఆడే సెప్పాడు" అన్నావు. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. నన్ను చూపించి, "మా సెల్లి. బండిని ఈవిడే సూసుకుంటాది" అన్నావు.

పేపరు వాళ్ళకి ఆ మాట చెప్పావు, ఊరుకున్నాను. పెళ్ళిళ్ళలో చుట్టాలకి చెప్పావు, నవ్వి ఊరుకున్నాను. కానీ నిన్న నేను నీ ఎదురుగానే నిలబడి ఉన్నాను కదా.

ఇన్నేళ్ళూ మనం దీన్ని పైకి అనుకోలేదు. ఒక్కసారి నన్ను రాయనీ. నాన్న జిప్సీ కొన్నది ధాన్యం వ్యాపారానికి ఊళ్ళు తిరగడానికి. నువ్వు దానికి ర్యాలీ పిచ్చి పట్టించావు. అరకు ఘాట్లో ప్రాక్టీసుకి వెళ్ళిన ప్రతిసారీ ఎడమ సీట్లో కూర్చుని, ముందొచ్చే మలుపు ఎటు తిరుగుతుందో, ఎంత గట్టిగా తిప్పాలో నీకు చెప్పింది నేను. పేరు ఇవ్వాల్సి వచ్చేసరికి నాన్న అడ్డం పడ్డారు. "ఆడగుంట పేరు పేపర్లో పడితే రేపు సంబంధాలు ఏటొస్తాయి" అన్నారు. గిరిబాబు బావ పేరు రాయించారు. పాపం బావకి ఘాట్ ఎక్కితే వాంతులు. ఎస్.కోటలో బండ్లు ఆగినప్పుడు నువ్వే వెనక మెకానిక్ వ్యానులో ఉన్న నా దగ్గరికి వచ్చి, "ఒలే ఈశ్వరీ, బేగెక్కు. ఆడితో నావల్ల కాదు" అన్నావు. బావ కోటు, హెల్మెట్ వేసుకుని ఎక్కాను. అనంతగిరి దాటాక పొగమంచులో బానెట్ కూడా కనబడలేదు. నేను చెబుతూనే ఉన్నాను, నువ్వు తిప్పుతూనే ఉన్నావు. గెలిచాం. నా బదులు వ్యానులో వెనక వచ్చిన బావకి కోటు, హెల్మెట్ ఇచ్చేశాను. మీరిద్దరూ స్టేజీ ఎక్కి కప్పు తీసుకుంటే నేను జనంలో నిలబడి చప్పట్లు కొట్టాను. నిజంగానే సంతోషంతో కొట్టాను అన్నయ్యా. అప్పుడు బాధ లేదు. అది తర్వాత మెల్లిగా వచ్చింది.

బెంగుళూరాయన ఆ బండిని కొని అద్దాల హాల్లో పెట్టి, ముందు మీ ఇద్దరి పేర్లతో బోర్డు పెడతానన్నాడు. అలాంటి బోర్డు పెట్టేటట్టయితే అమ్మకం కాగితం మీద నేను సంతకం పెట్టను. నాన్న బండిని ఇద్దరి పేరా రాశారు కాబట్టి నేను పెట్టకపోతే అది కదలదు.

ఇంకో సంగతి. డిసెంబరులో పాత బండ్లకి మాత్రమే ఒక ర్యాలీ జరుగుతోంది. విజయనగరం కోట దగ్గర మొదలై అరకులో ముగుస్తుంది. జిప్సీతో నేను వెళ్తున్నాను. డ్రైవర్ పేరు ఈశ్వరి అని ఇచ్చేశాను. ఎడమ సీటు ఖాళీగా ఉంది. వస్తానంటే నీ పేరు ఇస్తాను.

ఇలా రాసినందుకు కోప్పడినా ఫరవాలేదు, వదినకి మాత్రం చూపించు.

నీ చెల్లెలు,
ఈశ్వరి

*

గరివిడి,
గురువారం.

ఈశ్వరికి,

నీ ఉత్తరం అందింది. వదినకి చూపించాను. అప్పట్నుంచి ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నీకు కావలసింది అదే అయితే అయింది.

నేను ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషిని. జనం నన్ను గుర్తుపెట్టుకునేది ఆ ఒక్క కప్పు వల్లే. ఇప్పుడు నువ్వు వెళ్ళి, సీట్లో ఉన్నది వేరే మనిషి అంటే ఏమంటారు? పేరు మార్చి పరిగెత్తారు, దొంగ గెలుపు అంటారు. ఆ బండి విలువ పోతుంది, మన మర్యాదా పోతుంది. గిరిబాబు సంగతి ఆలోచించావా? శ్రీముఖలింగంలో మనవల ముందు కప్పు తీసుకున్న ఆ ఫోటో గోడకి తగిలించుకుని బతుకుతున్నాడు. ఈ వయసులో వాడి పరువు తీయడానికి నీకు మనసెలా వచ్చింది?

నిన్ను చిన్నచూపు చూసి అలా అనలేదు. ఎప్పుడూ చెప్పే మాట నోటికి వచ్చేసింది.

అరకు ఘాట్లో లారీలు పెరిగిపోయాయి. నీకు యాభై దాటాయి. ఆ పని మానుకో. నేను రాను.

మురళీమోహన్

*

రాజాం,
సోమవారం.

అన్నయ్యా,

గిరిబాబు బావ సంగతి ఆలోచించమన్నావు. ఆలోచించాను. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలదని నిన్న జిప్సీ వేసుకుని శ్రీముఖలింగమే వెళ్ళాను.

బావ వంశధార ఒడ్డున పొలంలో వంగ మొక్కలకి నీళ్ళు కడుతున్నాడు. బండి చప్పుడు విని తల ఎత్తకుండానే "జిప్సీ" అన్నాడట, పక్కనున్న మనిషి చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. గోడ మీద ఫోటో ఉన్న మాట నిజమే. దాని కింద కూర్చునే, నువ్వు రాసినదంతా చెప్పాను. నువ్వు పరువు మాట ఎత్తావని కూడా చెప్పాను.

బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. లోపలికి తిరిగి, "ఒలే లక్ష్మణమ్మా, ఆ పొటోలో కప్పు ఎవులు గెల్సినారే?" అని కేకేశాడు. లక్ష్మణమ్మక్క పొయ్యి దగ్గర నుంచే, "ఈశ్వరమ్మ. నువ్వు యానులో కక్కుకుంటా ఎనకాల ఎల్లినావు" అంది. అన్నయ్యా, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళైన వారానికే బావ ఆవిడకి చెప్పేశాడట. మనవలకి అది రోజూ నవ్వుకునే కథ.

"మరి బయట ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను.

"మీ అన్న ఒట్టేయించుకున్నాడు. నాకేటి, నాను మాటిచ్చినాను, ఊరుకున్నాను. నువ్వొచ్చి అడుగుతావని సూసినాను. నువ్వూ అడగనేదు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ ఆఖరి మాటే. నిజమే, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

దొంగ గెలుపు అంటారేమోనని నీ భయం. అననీ. ఆ మంచులో అందరికన్నా ముందు వెళ్ళిన బండి మనదే, అందులో ఉన్నది మనిద్దరమే. అబద్ధం పేరులో ఉంది, పరుగులో లేదు. బండి విలువ అబద్ధం మీద నిలబడేదైతే ఆ విలువ నాకు అక్కర్లేదు.

నువ్వు రానన్నావు కాబట్టి ఎడమ సీటుకి రేఖ పేరు ఇచ్చాను. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని, ఇప్పుడు నా స్కూల్లోనే ఆడవాళ్ళకి నేర్పిస్తోంది. వీలైనప్పుడల్లా తెల్లారకముందే బయల్దేరి ఇద్దరం ఘాట్ ప్రాక్టీసు చేస్తున్నాం. మా ఆయన మొదట "అమ్మేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అన్నారు. ఇప్పుడు మాకు కారియర్ కట్టిస్తున్నారు.

ఎలాగైనా నీ చెల్లెల్నే,
ఈశ్వరి

*

రాజాం,
డిసెంబరు ఆఖరు.

గిరిబాబు బావకి,

మోకాళ్ళ నొప్పితో రాలేకపోయావు. ఏమైందో అంతా రాయమన్నావని అక్క ఫోన్లో చెప్పింది. రాస్తున్నాను, అక్కకి చదివి వినిపించు.

తెల్లారి కోట దగ్గర బండ్లు వరసలో పెట్టారు. పాత ఫియట్లు, అంబాసిడర్లు, జిప్సీలు. మా వంతు వస్తోందనగా జనంలోంచి అన్నయ్య వచ్చాడు. తలకి మఫ్లర్, చేతిలో తన పాత హెల్మెట్. రేఖ వైపు చూసి, "అమ్మా, నువ్వు కాసేపు దిగు" అన్నాడు. తర్వాత నాతో, "నానొస్తాను, పద" అన్నాడు.

బావా, ఆ మాట కోసం ఎన్నేళ్ళు చూశానో నీకు తెలుసు. రేఖ అప్పుడే బెల్టు విప్పుకుంటోంది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"కుదరదన్నయ్యా. రేఖ పేరు ఇచ్చాం. ఎవరి పేరు ఇచ్చామో వాళ్ళే కూర్చోవాలి" అన్నాను.

అన్నయ్య హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. ఎర్రబడ్డ మొహంతో పక్కకి తప్పుకున్నాడు. జెండా ఊపారు, మేం కదిలాం. ఎస్.కోట దాటేదాకా నా కళ్ళు మసగ్గానే ఉన్నాయి. రేఖ అది చూసింది. చూసి కూడా, "అక్కా, ముందు ఎడమకి, గట్టిగా" అంది. ఆ పిల్ల గొంతు విన్నాక ఇంక నాకు రోడ్డు తప్ప ఏమీ లేదు.

అనంతగిరి దగ్గర ఒక మలుపులో అడ్డంగా ఆగిన లారీ వల్ల చాలా సమయం పోయింది. అయినా కాఫీ తోటల్లో మంచు దిగాక మేం బాగా లాగాం. గెలవలేదు. మధ్యలో ఎక్కడో వచ్చాం. ఆడవాళ్ళ జట్టు మాదొక్కటే కాబట్టి ఫోటోలు మాత్రం బాగా తీశారు.

అరకులో దిగేసరికి అన్నయ్య అక్కడున్నాడు. టాక్సీ కట్టించుకుని వెనకాలే వచ్చాడట. పక్కన, పాత బండ్లు చూడడానికి వచ్చిన బెంగుళూరాయన కూడా ఉన్నాడు. ఒక టీవీ అమ్మాయి అన్నయ్య ముందు మైకు పెట్టి, పాత ర్యాలీ గెలిచిన డ్రైవర్ మీరే కదా, ఆనాటి సంగతులు చెప్పండి అంది. అన్నయ్య మఫ్లర్ తీసి భుజాన వేసుకున్నాడు.

"డ్రైవర్నే. గానీ ఆ మంచులో నాకు ఏటీ కనబడనేదు. ఆపేద్దారనుకున్నాను. పక్కన మా సెల్లి ఉంది. ఇదిగో, ఈ ఈశ్వరే. 'ఆపకు, తిప్పు' అంది. తిప్పినాను. మా బావ పేరు రాయించినాం గానీ సీట్లో ఉన్నది ఇది" అన్నాడు.

బెంగుళూరాయన పక్కకి పిలిచి, పేర్లు తేడాగా ఉంటే ఆ గెలుపు లెక్కలోకి రాదని, బండికి అనుకున్న ధర పెట్టలేనని మెల్లిగా చెప్పాడు. ఆయన మంచివాడే. ఉన్నదే చెప్పాడు. అన్నయ్య, "పెట్టకపోతే మానీ బాబూ. మాకు బండి ఉంటాది" అన్నాడు.

వచ్చేటప్పుడు రేఖ వాళ్ళ ఆయనతో బస్సులో వెళ్ళిపోయింది. నాకు తెలుసు, కావాలనే వెళ్ళింది. అన్నయ్య ఎడమ సీట్లో కూర్చున్నాడు. గాలికొండ దాటాక తనే అన్నాడు.

"గిరిబాబు పేరు సెప్తే ఆ కత నాది, ఈశ్వరీ. ఆడు కాదనడు, మద్దిలో అడ్డం రాడు. నీ పేరు సెప్తే ఆ కత నీదైపోద్ది. అదే నా బయ్యం."

బావా, జాలీ వేసింది, కోపమూ వచ్చింది. మంచు మళ్ళీ దిగుతోంది. మూడో గేరు వేసి, "ముందు మలుపు ఎటో చెప్పు" అన్నాను.

చెప్పాడు. కాస్త ఆలస్యంగా చెప్పాడు, కానీ సరిగ్గా చెప్పాడు.

నీ మరదలు,
ఈశ్వరి